సాఫ్ చేసిన సుడులు

మెదక్‌ల ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఉన్నది. పేరు చెప్తే వాళ్లు సంబురపడ్తరు గనుక పేరు వద్దు. ఆ కాలేజీ ఈ యేడు జాతీయ సదస్సు పెట్టింది. జాతీయ అంటే పెద్దగ ఏం లేదు. హైదరాబాద్ నుంచి ఒకాయన కార్ల వస్తడు, ఆయనకు శాలువ కప్పుతరు, ఫోటో దిగుతరు, ఆ ఫోటో తనిఖీకొచ్చేటోళ్లకు చూపిస్తరు. సదస్సు దేని మీద అని అడిగితే ప్రిన్సిపాల్ ఇంద్రకరణ్ "క్వాంటం మీద" అన్నడు. క్వాంటంల దేని మీద సార్ అంటే, "మొత్తం క్వాంటం మీదనే. సగం సగం పనులు మన కాలేజీల ఉండయి" అన్నడు.

ఆ మొత్తం క్వాంటం పోయి ఫరీహా నెత్తి మీద పడ్డది. ఫరీహా అక్కడ ఫిజిక్స్ గెస్ట్ లెక్చరర్. గెస్ట్ అన్నరు గద అని మర్యాదలు చేస్తరనుకునేరు, ఆమెకు స్టాఫ్ రూముల కుర్చీ గూడ లేదు. పోనీ ల్యాబుల కూసుందామంటే అండ్ల ఫంక్షన్లకు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు దొంతులు దొంతులుగ పేర్చి ఉంటయి, వాటిని దింపుడుకు పర్మిషన్ లేదు. పిల్లలకు లోలకం చూపించాల్నంటే ఆ దొంతుల నడుమనే దారం కట్టి ఊపాలె.

గిట్లాంటి ఫరీహా ఒకప్పుడు దునియల అన్నిటికన్న చల్లటి వస్తువు పక్కన కూసున్న మనిషి. దూరాన ఒక పెద్ద ల్యాబుల రెండేండ్లు ప్రాజెక్టు పని చేసింది. అక్కడ రుబీడియం అనే లోహాన్ని ఆవిరి చేసి, దాని పరమాణువులను లేజర్లతోని పట్టి, అయస్కాంతాలతోని నడి గాలిల నిలబెట్టి, ఇగ ఇంతకన్న చల్లబడుడు లేదన్న హద్దు దాక తీస్కపోతరు. గంత చల్లబడ్డంక ఆ లక్షల పరమాణువులు ఎవలికి వాళ్లుగ ఉండయి, అన్ని కలిసి ఒక్కటే అల లెక్క నడుస్తయి. దాన్ని తిప్పితే బకెట్ల నీళ్ల లెక్క మొత్తం తిరగది, నడుమ నడుమ సుడులు పడ్తయి. సుడి నట్టనడుమ ఖాళీ. ఫోటో తీస్తే గుండ్రటి మబ్బు మీద నల్ల చుక్కల లెక్క అవపడ్తయి. అన్ని సుడులదీ ఒక్కటే కొలత, అర సుడి, ముప్పావు సుడి అనేది ఉండది. ఒక్కసారి పడ్డదంటే నిమిరి సాఫ్ చేద్దామన్నా కాదు. జరుక్కుంట అంచు దాక వచ్చి బయటికన్న పోవాలె, లేకుంటే ఉల్టా తిరిగే ఇంకో సుడి ఎదురొచ్చి రెండూ కలిసి ఖతమన్న కావాలె. ఫరీహా తీసిన ఒక ఫోటో ఉన్నది, నడుమ ఒక చుక్క, దాని చుట్టూ ఆరు. ఆ చుక్కల కోసం ఆమె ఎన్ని ఈద్ పండుగలకు ఇంటికి రాలేదో వాళ్లమ్మ మన్సూరాను అడగాలె. తర్వాత ప్రాజెక్టు ఖతమైంది, ఫరీహా మెదక్ వచ్చి దారం ఊపుడు షురూ చేసింది.

ఇప్పుడొచ్చే చీఫ్ గెస్టు, ప్రొఫెసర్ పరమేశ్, గట్లాంటి ల్యాబుకే పెద్ద. ఆయన దగ్గర ఒక కొలువు ఖాళీ ఉన్నది. ఫరీహా ఫోన్ చేసి అడిగితే, "వస్తున్నా కదమ్మా, నీ పోస్టర్ చూసి చెప్తా" అన్నడు. ఆమెకు కావల్సింది ఆ ఒక్కటే. మళ్ల ఆ చీకటి గదిల కూసోవాలె, ఆ మబ్బును చూడాలె. అది దొరకకపోతే మాత్రం ఇగ ఈ జన్మకు లోలకమే.

పోస్టర్ అంటే ప్రింటు కావాలె గద. ప్రింటుకు ఫరీహాకు ఒక్కటే దిక్కు, రాందాస్ చౌరస్తా కాడ ఫ్లెక్సీల దుకాణం పెట్టిన జియా భాయ్. ఆమె ఖాలా, అంటే చిన్నమ్మ, కొడుకు. జియా మనిషి బంగారం, పనిమంతుడు. కని ఆయనకు ఒక అలవాటున్నది. ఆ దుకాణంల ఎవల మొఖం పోయినా కడిగిన ముత్యం లెక్క బయటికొస్తది. మొటిమలు, మచ్చలు, కండ్ల కింద నలుపు, అడగకున్నా తీసేస్తడు. ఎందుకంటే ఒకసారి రేగోడ్ దిక్కు లీడరొకాయన బర్త్‌డే ఫ్లెక్సీ మీద మొఖం ఉన్నదున్నట్టు కొట్టిండు. ఆయన మందిని తోలుకొచ్చి, "నా మొఖానికి మచ్చ పెట్టింది ఎవడ్రా" అని దుకాణం ముంగట పంచాయితి పెట్టిండు. పెట్టింది దేవుడే అని చెప్పే ధైర్యం జియాకు యాడిది? అప్పటి సంది ఎవల ఫోటో వచ్చినా ముందుగాల సాఫ్, తర్వాతనే ప్రింటు.

ఫరీహా ఫోటో, రాత, రెండూ వాట్సాప్‌ల పంపి, "భాయ్, జర మంచిగ చెయ్యి" అన్నది. అదే ఆమె చేసిన తప్పు. మంచిగ అంటే ఏందో జియాకు ఆయన లెక్క ఆయనకున్నది.

సదస్సు నాడు పొద్దుగాల జియా ఫ్లెక్సీ చుట్టను భుజం మీదేసుకోని వచ్చి, హాలుల స్టేజీ పక్కన కట్టి, రెండడుగులు ఎనుకకు జరిగి, తన పని తనే చూసుకోని మురిసిండు. ఫరీహా గూడ చూసింది. ఎడమ దిక్కు ప్రిన్సిపాల్ ఇంద్రకరణ్, రెండు చేతులెత్తి దండం పెట్టుకుంట. కుడి దిక్కు ప్రొఫెసర్ పరమేశ్, నెట్‌ల దొరికిన ఫోటో, నెత్తి మీద ఎంటికలు దేవుడిచ్చిన దానికన్న జర ఎక్కువ. కింద వరుసగ కాలేజీ కమిటీ మెంబర్లు, స్టాంపు సైజుల. ఇవన్ని పోంగ మిగిలిన జాగల, పళ్లెమంత, ఫరీహా మబ్బు. దాని మీద చుక్క లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. మీగడ లెక్క నున్నగ మెరుస్తున్నది.

"భాయ్, చుక్కలేవి?"

"ఏ చుక్కలు? ఓ, గవా? మస్తు మచ్చలుండె. అన్ని తీసేసిన, ఒక్కటి గూడ ఇడ్వలే, చూస్కో!"

"యా అల్లా! గవే కద భాయ్ ఫోటో! గా మచ్చల కోసమే కద నేను రెండేండ్లు సచ్చింది!"

లోకంల ఏ శక్తీ నిమిరి తీసెయ్యలేని సుడులను జియా భాయ్ మౌసుతోని, చాయ్ చల్లారే లోపల తీసేసిండు. పాపం ఆయన మొఖం వాడిపోయింది. "గట్లని ముందే చెప్పొద్దా? నేను కెమెరా ఖరాబైందనుకున్న" అన్నడు. మళ్ల కొట్టుకరా అంటే పొద్దుగాల సంది చౌరస్తాల కరెంటే లేదన్నడు, తీగెల మీది కొమ్మలు కొడ్తున్నరంట. అంతల ఆయనకే ఒక ఉపాయం తట్టింది, జేబులకెళ్లి నల్ల మార్కర్ తీసిండు.

"పరేషాన్ కాకు. ఇప్పుడే పెడ్త. ఎన్ని కావాలె? ఏడేనా, ఓ పది పెట్టాల్నా? అన్ని ఒక్కటే సైజుల, లైను తప్పకుంట పెడ్త."

ఫరీహా ఆ మార్కర్ దిక్కు చూసింది. అబద్ధమెందుకు, చెయ్యి గూడ చాపింది. ఏ చుక్క యాడ ఉండెనో ఆమెకు కండ్లు మూసుకున్నా తెలుసు. కని చెయ్యి మళ్ల ఎనుకకు తీసుకున్నది. ఉన్న చుక్కనే అయినా, చేత్తోని గీసినంక అది బొమ్మనే. ఇయ్యాల ఉన్నకాడ గీస్తే రేపు లేనికాడ గూడ గీయబుద్ధయితది. "వద్దు భాయ్. అసలు ఫోటో నా ఫోన్ల ఉన్నది. సార్ సైంటిస్టు, చూడంగనే చుక్కలేవి అని అడుగుతడు. అప్పుడు చూపిస్త" అన్నది. పిచ్చిది, నిజంగనే అట్ల అనుకున్నది.

ప్రొఫెసర్ పరమేశ్ రానే వచ్చిండు. శాలువ, బొకే, మెమెంటో అన్నీ అయినయి. కరెంట్ లేదు గనుక ఫ్యాన్లు లేవు, ఫ్యాన్లు లేవు గనుక జ్యోతి మొదటి పుల్లకే వెలిగింది, అందరు చప్పట్లు కొట్టిండ్రు. ఇంద్రకరణ్ క్వాంటం అనేది మన జీవితంల ఒక భాగమని చెప్పి, ఎట్లనో చెప్పకుండనే కూసున్నడు. పరమేశ్ సార్ గొప్పతనం గురించి ఇంకొకాయన చెప్పిండు. నిజమే, గొప్పోడే. ఆయన ల్యాబుల అడుగు పెట్టక చాన యేండ్లయింది, కమిటీలకు పోతడు, కమిటీలను వేసే కమిటీలకు గూడ పోతడు.

ఇగ పోస్టర్ కాడికి వచ్చిండు. ఎనుక ఇంద్రకరణ్, ఆయన ఎనుక పిల్లలు. పరమేశ్ సార్ కండ్లు నేరుగ కుడి దిక్కుకే పోయినయి. తన ఎంటికలను తను తృప్తిగ చూసుకున్నడు.

"ఎక్సలెంట్! ఎవరమ్మా చేసింది? చాలా ప్రొఫెషనల్‌గా ఉంది" అన్నడు. తర్వాత నడుమ గూడ ఏదో ఉన్నదని యాదికొచ్చి, పైన హెడ్డింగు చదివి, పిల్లల దిక్కు తిరిగిండు. "స్టూడెంట్స్, ఇటు చూడండి. ఈ సుడులు ఎంత క్లియర్‌గా ఉన్నాయో! కనపడుతున్నాయా?"

"కనవడ్తున్నయ్ సార్!"

"ఎన్ని ఉన్నాయి?"

మొదటి బెంచీ పిల్ల ఫేబ. జవాబు తెలువదని చెప్పుడు ఆమె రక్తంల లేదు. "పన్నెండు సార్" అన్నది.

"వెరీ గుడ్!"

చప్పట్లు. స్టూడెంటుకే పన్నెండు కనవడ్తే ప్రిన్సిపాల్‌కు ఇంకా ఎక్కువ కనవడాలె గద. "నాకైతే పదిహేను దాక అవపడ్తున్నయ్ సార్" అన్నడు ఇంద్రకరణ్.

ఫరీహాకు నెత్తురు నెత్తికెక్కింది. ఫోన్ తీసి, నోరు తెరిచింది. సరిగ్గ అప్పుడే పరమేశ్ సార్, "అమ్మా, ఒకటో తారీఖు వచ్చి జాయిన్ అయిపో. నీలాంటి వాళ్లే కావాలి మాకు" అన్నడు. తెరిచిన నోరు అట్లనే మూతపడ్డది. సంతోషమైంది. అడిగింది దొరికింది! దాని ఎనుకనే సిగ్గు గూడ వచ్చింది, కని సిగ్గును జర ఆగుమన్నది. ముందుగాలైతే ల్యాబుల పడ్దాం, ఈ చుక్కల సంగతి తర్వాత నెమ్మదిగ చెప్పుకోవచ్చు, ఇప్పుడు పదిమందిల ఎందుకు? మనిషికి ఇసువంటి తెలివి ఎంత జల్ది వస్తదో!

"ఆ, ఇంకోటమ్మా. ఈ ఫోటో సాఫ్ట్ కాపీ నాకు పంపించు" అన్నడు ఆయన. "కొత్త ప్రాజెక్టుకు అప్లై చేస్తున్నాం. మా ల్యాబు రిజల్టు అని ఇదే పెట్టేద్దాం. నువ్వు ఇప్పుడు మా మనిషివే కదా."

ఇగ ఆగమంటే సిగ్గు ఆగలేదు.

"సార్, ఈ ఫ్లెక్సీ ఫోటోల సుడులు లేవు" అన్నది ఫరీహా.

ఇంద్రకరణ్ దండం పెట్టినట్టుగ చేతులు కలిపి, ఫ్లెక్సీల ఎట్లున్నడో గట్లనే నిలబడ్డడు. ఫరీహా ఫోన్ల అసలు ఫోటో తీసి ముందల పెట్టింది. "ఇది నేను తీసింది సార్. ఇగో ఏడున్నయి. ఫ్లెక్సీ కొట్టేటప్పుడు మచ్చలనుకోని తీసేసిండ్రు."

పరమేశ్ సార్ ఆ పొద్దు మొదటిసారి వంగి చూసిండు. అద్దాలు తీసి తుడిచి పెట్టుకోని ఫోన్ చూసిండు, ఫ్లెక్సీ చూసిండు, మళ్ల ఫోన్ చూసిండు. ఇప్పుడన్న ఆయన మొఖం చిన్నగైతదేమో అని ఫరీహా చూస్తున్నది.

"ఎవరు తీసేశారు ఇవి?"

"మా భాయ్ సార్, జియా. ఫ్లెక్సీల దుకాణం."

"ఎంతసేపు పట్టింది?"

ఎనుక తలుపు కాడ నిలబడ్డ జియా బుగులు బుగులుగ చెయ్యి లేపిండు. "ఐదు నిమిషాలు సార్. తప్పయింది సార్."

"తప్పేంటి బాబూ! అతుకు కూడా కనపడట్లేదు. నీ నంబర్ ఇవ్వు" అన్నడు ప్రొఫెసర్.

జియా నంబర్ చెప్పిండు. ప్రొఫెసర్ ఫోన్ల ఎక్కించుకోని, ఫరీహా దిక్కు తిరిగి, పెద్దమనసు చేసుకోని, "నువ్వూ రా అమ్మా, పర్వాలేదు. కాకపోతే ఇలా అందరి ముందు చెప్పకూడదు. ఆ అమ్మాయి పన్నెండు అంది, మీ సార్ పదిహేను అన్నారు, ఎవరికి నష్టం చెప్పు?" అన్నడు.

"నేను రాను సార్."

"ఏం?"

"ఉన్నయి తీసేసే కాడ, లేనియి లెక్కవెట్టే కాడ నాకు పని లేదు సార్." ఫేబ తల దించుకున్నది.

ఇంద్రకరణ్ పండ్లు కొరుక్కుంట ఆమె చెవి కాడికొచ్చి, "మేడం, సోమవారం మీ పీరియడ్ల సంగతి మాట్లాడుదాం" అన్నడు. అంతల ఎవరో బిర్యానీ చల్లగైతున్నదని కేకేసిండ్రు. అందరు ఉరికిండ్రు. సదస్సు మొత్తంల చల్లబడుడు గురించి అందరికీ అర్థమైన మాట అదొక్కటే.

ఖాళీ హాలుల ఫరీహా ఒక ప్లాస్టిక్ కుర్చీ గుంజుకోని కూసోని ఏడ్చింది. ఎంత మంచిగ చెప్పినా కడుపు మంట కడుపు మంటనే. కావల్సిన కొలువు పోయింది, వద్దనుకున్న కొలువు గూడ పోయేటట్టున్నది. జియా ఆమెను చూసుకుంట చూసుకుంట తాళ్లు ఇప్పబట్టిండు. "నా చేతులు ఇర్గ. నాదే తప్పు" అన్నడు.

"నీది కాదు భాయ్. నీకు తెల్వక తీసినవ్. తెలిసినాయన నీ నంబర్ తీసుకున్నడు."

వాళ్లు తిని, ఫోటోలు దిగి, పోయిండ్రు. సగం ఫ్లెక్సీ చుట్టేసరికి జియా ఫోన్ మోగింది. చేతులల్ల తాళ్లున్నయి గనుక స్పీకర్ పెట్టిండు.

"బాబూ, నేను, ప్రొఫెసర్ పరమేశ్. తూప్రాన్ దగ్గర టీకి ఆగాం. ఆ అమ్మాయి పక్కన లేదు కదా?"

జియా ఫరీహాను చూసిండు. ఫరీహా లేనని తల ఊపింది. "లేదు సార్" అన్నడు.

"మా ల్యాబులో ఒక తలనొప్పి ఉంది. గ్యాసును మేం తిప్పట్లేదు, కదపట్లేదు, ఊరికే చల్లబరుస్తున్నాం, అంతే. అయినా ఫోటోల్లో నల్ల చుక్కలు వస్తున్నాయి. ఒకసారి ఒకటి, ఒకసారి మూడు, ఒకసారి ఏమీ ఉండవు. ఉన్న చోట ఉండవు. కెమెరా మార్చాం, అద్దాలు తుడిచాం, పోవట్లేదు. పిల్లలు ఏవేవో చెప్తారు, వినే టైం నాకెక్కడిది? ఫోటోలు పంపుతున్నా. అన్నీ సాఫ్ చేసి పెట్టు."

ఫరీహా కుర్చీలకెళ్లి లేచి నిలబడ్డది. ఏడుపు యాడ పోయిందో తెల్వదు.

తిప్పకుండనే సుడులు! గ్యాసును మెల్లగ చల్లగ చేస్తే అంతా ఒక్క తీరుగ కలుస్తది. జల్ది చేస్తే కలిసేటందుకు టైముండది, ఈ మూల పరమాణువులు ఒక తీరుగ, ఆ మూలయి ఇంకో తీరుగ కుదురుకుంటయి. దావత్‌ల నాలుగు మూలలకెళ్లి నలుగురు భోజనాల బంతులు ఏసుకుంట వస్తే నడుమ ఒక జాగ ఎవలికీ కుదరక ఖాళీ మిగుల్తది గద, గట్లనే గ్యాసుల గూడ సుడి మిగుల్తది. ఎవరూ తిప్పకుంటనే పుడ్తది. విశ్వం పుట్టి చల్లబడ్డప్పుడు గూడ గిట్లాంటి లోపాలే మిగిలినయా అని పెద్ద పెద్దోళ్లు లెక్కలు కట్టుకుంట కూసున్నరు. పాత ల్యాబుల దాన్ని చూద్దామనుకునే లోపలనే ఫరీహా ప్రాజెక్టు ఖతమైంది. ఈడ చూస్తే అది దానంతట అదే వచ్చి మొఖం చూపిస్తుంటే, వీళ్లు అద్దాలు తుడుస్తున్నరు!

ఆమె జియా చేతులకెళ్లి ఫోన్ గుంజుకున్నది.

"సార్, నేను ఫరీహా. గ్యాసును ఎంత జల్ది చల్లగ చేస్తున్నరు?"

ఆ దిక్కు చాయ్ కప్పు కింద పెట్టిన చప్పుడైంది. పొద్దుగాల సంది నడిచిన జాతీయ సదస్సుల ఇదే మొదటి సైన్సు ప్రశ్న.

"అది... అదంతా పిల్లలు చూసుకుంటారమ్మా."

"జల్ది చేసిన నాడు చుక్కలు ఎక్కువొస్తున్నయా? మెల్లగ చేసిన నాడు తక్కువనా?"

"ఏమో. ఎవరూ లెక్కపెట్టలేదు."

ఫరీహా కండ్లు మూసుకున్నది. "సార్, అవి మచ్చలు కావు. ఒక్కదానికి గూడ చెయ్యి పెట్టకుండ్రి. రేపు పొద్దుగాల నేనొస్తున్న."

"మరి ఇందాక రానన్నావు?"

"మీ కోసం రాననే అన్న సార్. ఇప్పుడు గూడ మీ కోసం వస్తలేను" అని ఫోన్ పెట్టేసింది.

పెట్టిందో లేదో, ముందే పంపిన ఫోటోలు టింగు టింగుమని దిగుడు షురూ అయింది. ఫరీహా ఒకటి తెరిచింది. తెల్లటి మబ్బు, ఒక మూలకు ఒంటరిగ ఒక నల్ల చుక్క. ఇంకోటి తెరిచింది, రెండున్నయి. జియా దగ్గరికి జరిగి, తెర మీద వేలు పెట్టబోయిండు.

"భాయ్, ముట్టకు!" అన్నది ఫరీహా.

జియా రెండు చేతులు ఎనుకకు కట్టుకోని, మెడ చాపి చూసిండు.